ఇస్త్రీ పెట్టె తగిలిన సెంట్రల్ పార్క్ మ్యాప్: ఒక ఫ్రేమింగ్ కేస్ స్టడీ

న్యూజెర్సీలో ఫ్రేమింగ్ పని మొదలుపెట్టి నాకు పదకొండేళ్ళైంది. పెళ్ళి ఫోటోలు, రవివర్మ ప్రింట్లు, పిల్లల డిగ్రీ సర్టిఫికెట్లు, ఒకసారైతే ఒక పెద్దాయన రిటైర్మెంట్ శాలువా కూడా కట్టాను. పాత మ్యాపులు ఏడాదికి పదో పన్నెండో వస్తాయంతే, వాటిలో ఎక్కువ న్యూయార్క్‌వే. పోయిన ఏడాదికి ముందు ఏడాది వచ్చిన ఒక సెంట్రల్ పార్క్ మ్యాప్ గురించి ఇప్పుడు పూర్తిగా రాస్తున్నాను, ఎందుకంటే ఈ మధ్య చాలామంది "గోడకి పాత మ్యాప్ పెట్టాలి, ఏ ఫ్రేమ్ బాగుంటుంది" అని అడుగుతున్నారు, నేనేమో ప్రతిసారీ ఫ్రేమ్ సంగతి తర్వాత, ముందు గోడ చూపించండి అంటున్నాను, అలా ఎందుకంటానో ఈ ఒక్క కేసు చెబితే సరిపోతుంది.

వచ్చినవాళ్ళు భార్యాభర్తలు, వరంగల్ వాళ్ళు. కొత్తిల్లు కొన్నారు, హాల్లో సోఫా వెనక గోడ ఖాళీగా ఉంది. ఆయన అమెరికా వచ్చిన కొత్తలో మాన్‌హట్టన్‌లో ఉద్యోగం, లంచ్ టైమ్‌లో రోజూ పార్కులో నడిచేవాడట, అందుకని ఆ పార్క్ పాత మ్యాపే కావాలని పట్టుబట్టి ఆన్‌లైన్‌లో కొన్నాడు. ఆవిడ కవర్లోంచి తీసి బల్ల మీద పరిచి, "అక్కా, గోడ మొత్తం నిండాలె" అంది. ఆయన మాత్రం మాట్లాడట్లేదు, మ్యాప్ మీద ఒక చోట అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. చెయ్యి తియ్యమన్నాక తెలిసింది. మడతలు పోవాలని తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేశాడంట.

ముందు కాగితం గురించి చెప్పి తర్వాత ఆ మచ్చ దగ్గరికి వస్తాను.

పొడవు దగ్గర దగ్గర 40 అంగుళాలు, ఎత్తు 10, అంచుల ఖాళీ తీసేస్తే బొమ్మ 8 అంగుళాల ఎత్తే. ఇలా సన్నగా పొడుగ్గా ఉండటానికి కారణం పార్కే, అది రెండున్నర మైళ్ళ పొడవు, అర మైలు వెడల్పు, అంటే ఐదుకి ఒకటి. ఆరు మడతలుగా మడిచిన కాగితం, ఎడమ అంచున జిగురు అంటిన సన్నటి పట్టీ ఇంకా ఉంది. ఆ పట్టీ చూడగానే ఇది ఏదో పుస్తకంలోంచి విప్పిన ఫోల్డవుట్ అని అర్థమైపోతుంది. అప్పట్లో సెంట్రల్ పార్క్ కమిషనర్లు ఏటా ఒక రిపోర్టు వేసేవాళ్ళు, పని ఎంతవరకు వచ్చిందో చూపించే మ్యాప్ దాన్లో మడిచి కుట్టేవాళ్ళు, వాలెంటైన్ మాన్యువల్ అని నగరం వార్షిక పుస్తకాల్లో కూడా ఇలాంటి మడత మ్యాపులు ఉండేవి. ఈ రోజు మార్కెట్లో తిరిగే సెంట్రల్ పార్క్ మ్యాపుల్లో చాలా భాగం అలా పుస్తకాల నుంచి ఊడబీకినవే, పుస్తకం మొత్తంగా అమ్మితే వచ్చే డబ్బు కంటే విడగొట్టి అమ్మితే ఎక్కువొస్తుందని. నాకు ఈ వ్యాపారం నచ్చదు, కానీ ఊడి వచ్చేసిన కాగితాన్ని కాపాడటం నా పని, కాబట్టి తీసుకుంటాను.

అమ్మినవాళ్ళు ఇచ్చిన చీటీ మీద "ఒరిజినల్ గ్రీన్‌స్వార్డ్ ప్లాన్, 1858" అని ఉంది. నేను నేరుగా మ్యాప్ కుడి చివర చూశాను. ఈ మ్యాపులో ఉత్తరం పైకి ఉండదు, కుడిచేతి వైపు ఉంటుంది, పైన ఎయిత్ అవెన్యూ, కింద ఫిఫ్త్ అవెన్యూ. కుడి చివర 110వ స్ట్రీట్ అని రాసుంది, అక్కడితో చీటీ సంగతి తేలిపోయింది. పార్క్ డిజైన్ కోసం 1857లో పోటీ పెట్టి 1858లో గెలిచిన ప్లాన్ తేల్చినప్పుడు పార్క్ హద్దు 59వ స్ట్రీట్ నుంచి 106 వరకే, 110 దాకా పెంచుదామన్నది 1859 మాట, ఆ నేల చేతికొచ్చింది 1863లో. పోటీకి 33 ప్లాన్లు వస్తే ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ ఇద్దరూ కలిసి ఇచ్చిన గ్రీన్‌స్వార్డ్ గెలిచింది, అది చేత్తో గీసిన ఇంకు డ్రాయింగు, చాలా పెద్దది, నగరం సొత్తు, ఆన్‌లైన్‌లో అమ్మకానికి వచ్చే ప్రశ్నే లేదు.

మరి ఇది ఎప్పటిది? మెట్రోపాలిటన్ మ్యూజియం పార్కులో తెరిచింది 1880లో, ఈ మ్యాపులో దాని ఆనవాలు లేదు. ఎయిత్ అవెన్యూకి పార్క్ పొడవునా సెంట్రల్ పార్క్ వెస్ట్ అనే పేరు 1880లలో వచ్చింది, ఇందులో ఇంకా ఎయిత్ అవెన్యూయే. పదింతల లెన్స్ పెట్టి చూస్తే వరసగా పేర్చినట్టుండే చుక్కలు లేవు, రాతి పలక మీద గీసి అచ్చువేసే లితోగ్రాఫ్‌కి ఉండే అడ్డదిడ్డమైన గరుకు కనిపించింది, అంటే ఈ మధ్య కొట్టిన ప్రింటు కాదు. అన్నీ కలిపి 1860లు, 70ల నాటిది అని రాసిచ్చాను, అంతకంటే కచ్చితంగా రాయలేదు, సంవత్సరం ఉండాల్సిన మూల మడత దగ్గర అరిగిపోయింది. ఆయన మొహం కొంచెం వాడింది. నేనన్నాను, "తమ్ముడూ, చీటీ అబద్ధం గానీ కాగితం నిజం, దగ్గర దగ్గర నూట యాభై ఏళ్ళ కాగితం మీ చేతిలో ఉంది" అని. కొన్నచోట డబ్బు కొంత వెనక్కి అడిగాడు, ఇచ్చారు కూడా.

ఇప్పుడు ఇస్త్రీ మచ్చ. ఎడమ నుంచి రెండో మడత పలకలో ద లేక్ ఉంటుంది, 72వ స్ట్రీట్ పైన. సరిగ్గా దాని మీద పెట్టాడు పెట్టె. కాగితం టీ పోసినట్టు గోధుమ రంగుకి తిరిగి, పైన ఒక నున్నటి మెరుపు వచ్చింది, చెరువుకి వేసిన లేత నీలం తడికి కరిగి గట్టు దాటి చుట్టూ ఒక వలయం కట్టింది. అంటే రంగు అచ్చులో పడింది కాదు, నలుపు అచ్చయ్యాక ఎవరో కుంచెతో వేసిన వాటర్ కలర్ అన్నమాట. ఆ రోజుల్లో అదే పద్ధతి, మనుషులు వరసగా కూర్చుని ఒకళ్ళు ఆకుపచ్చ ఒకళ్ళు నీలం అద్దుకుంటూ పోయేవాళ్ళు. ఇది కాక వెనకవైపు మూడో మడతకి సెలోటేప్, అదెప్పటిదో, ఎండి పసుపు పచ్చగా అయిపోయి దానంతటదే లేస్తోంది, కింద జిగురు మాత్రం కాగితంలోకి ఇంకిపోయింది. ఆ మడత మధ్యలో రెండంగుళాల చిరుగు.

కాలిన రంగు వెనక్కి రాదు. అది మొదటి రోజే చెప్పేశాను. బ్లీచ్ చేసి తెల్లగా చేస్తామనేవాళ్ళు ఉన్నారు, ఆ మాట వింటేనే నాకు భయం, అంతకుముందే కాలి బలం పోయిన చోట మందు వేస్తే మిగిలిన బలం కూడా పోతుంది, పైగా పక్కన ఆ నీలం ఉండనే ఉంది. జిగురు మరక నా చేతి పని కాదు, పాత కాగితాలు బాగుచేసే పేపర్ కన్సర్వేటర్ దగ్గరికి పంపాను, ఆవిడ టేప్ తీసి మరక సగానికి తగ్గించి ఇచ్చింది, ఆ బిల్లు మ్యాప్ ధర కంటే ఎక్కువైంది. ఇలాంటివి కొనేముందు ఈ లెక్క చాలామంది వేసుకోరు, వందల్లో కొన్న కాగితానికి వందల్లో వైద్యం కూడా ఉంటుంది.

మడతలు తియ్యడం, చిరుగు కట్టడం నేనే చేశాను. ముందు రంగుల పరీక్ష, సన్నటి కుంచెతో నీటి బొట్టు పెట్టి బ్లాటింగ్ పేపర్ అద్ది చూడటం, ఆకుపచ్చ నిలబడింది, నీలం అనుకున్నట్టే దిగింది. అందుకని నీళ్ళు చల్లే పద్ధతి వద్దనుకుని గోర్‌టెక్స్ గుడ్డ వాడాను. తడి బ్లాటర్ కింద, దాని మీద గోర్‌టెక్స్, దాని మీద మ్యాప్, పైన ప్లాస్టిక్ షీటు, ఆ గుడ్డలోంచి ఆవిరి వస్తుంది గానీ నీళ్ళు రావు. అరగంటకి కాగితం అప్పడం మెత్తబడ్డట్టు మెత్తబడింది. వెంటనే తీసి పొడి బ్లాటర్ల మధ్య పెట్టి, పైన గాజు పలక, దాని మీద బరువులు, వారం రోజులు. మొదటి రోజు గంటగంటకీ బ్లాటర్లు మార్చాను, ఆ రోజు షాపులో ఇంకే పనీ జరగలేదు.

చిరుగుకి జపాన్ టిష్యూ, ఉల్లిపొర అంత పల్చగా ఉంటుంది, దాన్ని గోధుమ గంజితో అంటించాలి. మా విజయవాడలో సినిమా పోస్టర్లకి వాడే మైదా జిగురుకీ దీనికీ చుట్టరికం ఉంది గానీ ఒకటి కాదు, ఇందులో గ్లూటెన్ తీసేసిన పిండి మాత్రమే ఉడకబెడతాం. రేపెప్పుడైనా మ్యాప్ విప్పాలంటే కొంచెం తడి చేస్తే ఊడొచ్చేస్తుంది, నేను ఈ జిగురు వాడేది అందుకే. షాపుల్లో హీట్ ప్రెస్‌తో బోర్డుకి అంటించేస్తారు చూడండి, చూడ్డానికి అద్దంలా చదునుగా ఉంటుంది, అది మళ్ళీ ఊడదు. పోస్టర్‌కైతే సరే. పాత మ్యాప్‌కి అలా చేస్తే దాని కథ అక్కడితో అయిపోయినట్టే.

ఈ లోపల వాళ్ళింటికి వెళ్ళి గోడ చూశాను. హాల్లో సోఫా వెనకది పడమర గోడ, ఎదురుగా తూర్పున పెద్ద గ్లాస్ డోర్, వాస్తు చూసి కొన్నారుగా మరి. ఒక విషయం మాత్రం భలే కుదిరింది, పడమర గోడకి ఎదురుగా నిలబడితే మన కుడిచేతి వైపు ఉత్తరం, మ్యాపులోనూ ఉత్తరం కుడిచేతి వైపే, అంటే ఆ గోడ మీద పెడితే మ్యాప్ దిక్కులూ ఇంటి దిక్కులూ ఒకటే అవుతాయి. ఇది చెప్పగానే ఆయన ఫిక్స్ అయిపోయాడు, ఇక్కడే పెట్టాలి అని. నేను వెలుతురు కొలిచే లక్స్ మీటర్ తీసి ఆ గోడకి ఆనించాను, పొద్దున తొమ్మిదిన్నర, ఎండ తిన్నగా పడుతోంది, పదివేలు దాటి చూపించింది. కాగితం వస్తువులకి మ్యూజియాలు పెట్టుకునే హద్దు 50. యూవీ గ్లాస్ వేస్తే సరిపోదా అక్కా అన్నాడు. చాలదు. యూవీ గ్లాస్ అల్ట్రావయొలెట్‌ని ఆపుతుంది, కంటికి కనిపించే వెలుతురు లోపలికి వస్తూనే ఉంటుంది, రంగు దానికి కూడా వెలిసిపోతుంది, పైగా వెలుతురు దెబ్బ బ్యాంకు వడ్డీ లాంటిది, రోజురోజుకీ కూడుకుంటుందే గానీ తగ్గదు, రాత్రి లైటు ఆపేస్తే కోలుకోవడం అంటూ ఉండదు.

అప్పుడు చెప్పాను, హాల్లోకి కాపీ, అసలుది లోపలికి. ఆవిడకి నచ్చలేదు. "అసలుది పెట్టుకొని నకలు చూపిస్తమా అక్కా, గిల్టు నగ ఏసుకున్నట్టు ఉంటది" అంది. నిజమే, నాకు వెంటనే జవాబు దొరకలేదు. తర్వాత అన్నాను, మనం బంగారం లాకర్‌లో పెట్టి పెళ్ళికి మాత్రం తీస్తాం కదమ్మా, దాన్నెవరూ తప్పు పట్టరు కదా అని. పూర్తిగా ఒప్పుకుందని చెప్పను, కానీ ఇంకో మాట పనిచేసింది, అసలుది 40 అంగుళాలే, 84 అంగుళాల సోఫా వెనక అది రిబ్బన్ ముక్కలా కనిపిస్తుంది, గోడ నిండాలంటే ఎలాగూ పెద్దది చేయాల్సిందే.

కాపీకి లైబ్రరీ స్కాన్లు దొరుకుతాయి, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ రెండూ ఇలాంటి పాత మ్యాపులు మంచి రిజల్యూషన్‌తో ఉచితంగా పెట్టాయి, కాపీరైట్ గొడవ లేదు. కానీ వాళ్ళు తమ మ్యాపునే స్కాన్ చేయమన్నారు, కాలిన మచ్చతో సహా. పైనుంచి తీసే స్కానర్‌లో 600 డీపీఐకి, అంటే అంగుళానికి 600 చుక్కలకి చేయించాను, 40 అంగుళాలకి 24,000 పిక్సెల్స్ వచ్చాయి. ఆవిడ 80 అంగుళాలు అడిగింది, ఆ సైజుకి కూడా 300 డీపీఐ ఉంటుంది, ప్రింటుకి ఇబ్బంది లేదు. అయినా నేను ఊరుకోను, క్రాఫ్ట్ పేపర్ మూడు సైజుల్లో కత్తిరించి పెయింటర్ టేప్‌తో గోడకి అంటించి రెండు రోజులు అలా ఉంచమన్నాను. ఎనభైది సోఫాని మింగేసింది. మూడో రోజు ఆవిడే ఫోన్ చేసి 60 చాలంది. ఈ కాగితం ట్రిక్కుకి రూపాయి ఖర్చు లేదు, ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు, నా అనుభవంలో పది మందిలో ఏడెనిమిది మంది అడిగిన సైజు మార్చుకుంటారు.

పెద్దదానికి మ్యాట్ బోర్డు, అంటే మధ్యలో కిటికీలా కోసి బొమ్మ చుట్టూ పెట్టే అట్ట, పెట్టలేదు. మామూలు షీటు 32 బై 40 అంగుళాలు, పెద్దది 40 బై 60, మన ప్రింటే 60 ఉంటే చుట్టూ మ్యాట్ కి ఇంకా పెద్ద షీటు తెప్పించాలి, దాని ఖర్చు, దాన్ని కొయ్యడం, అంతా అనవసరం అనిపించింది. ప్రింట్ లోనే చుట్టూ ఖాళీ వదిలించి, ముందు పలకకి ఆనకుండా అంచుల్లో అరంగుళం స్పేసర్లు పెట్టాను. గాజు కాదు, యాక్రిలిక్ అనే పారదర్శక ప్లాస్టిక్ పలక, ఆ పొడవుకి గాజు బరువూ ప్రమాదమూ. పొడుగు ఫ్రేమ్ తో ఇంకో తలనొప్పి, కింది చెక్క నెలలు గడిచేకొద్దీ మధ్యలో జారుతుంది, అందుకని లోతున్న మోల్డింగ్ తీసుకుని, తీగకి బదులు ఫ్రేమ్ తగిలించే పట్టీ, క్లీట్ అంటారు, గోడ పొడవునా బిగించాను. ఇక్కడ ఇళ్ళలో ఇటుక గోడలుండవు, జిప్సమ్ బోర్డు వెనక 16 అంగుళాలకొక చెక్క నిలువు ఉంటుంది, స్క్రూ దాన్లో పడాలి, బోర్డులో పడితే ఏదో ఒక రాత్రి దబ్బుమని శబ్దం వినిపిస్తుంది.

అసలుదానికి చోటు వెతకడం ఇంకా కష్టమైంది. మొదట చూపించిన గోడ వంటింటికి ఎదురు, రోజూ పోపు పెట్టే ఇల్లు, నూనె ఆవిరి ఎక్కడికైనా పాకుతుంది, వద్దన్నాను. రెండోది పూజ అల్మారా పక్కన, అగరుబత్తి పొగ, అదీ వద్దన్నాను, ఆవిడ నవ్వి ఇంకెక్కడ పెడతం అక్కా బాత్రూమ్ లోనా అంది. బాత్రూమ్ అన్నిటికంటే ఘోరం, తేమ. చివరికి రెండు బెడ్‌రూముల మధ్య నడవా, కిటికీ లేదు, లోపలి గోడ, ఎల్ఈడీ బల్బు ఒకటి, మీటర్ 60 చూపించింది, మనిషి వచ్చినప్పుడు వెలిగి తర్వాత ఆరిపోయే స్విచ్ పెట్టించాను.

ఇక్కడే నా తప్పు. అసలుదానికి పత్తితో చేసిన మ్యాట్ బోర్డు, మ్యాప్‌ని పట్టి ఉంచే జపాన్ కాగితం పట్టీలు (హింజెస్), వెనక ఆమ్లం లేని బోర్డు, ముందు యూవీ యాక్రిలిక్, అన్నీ పుస్తకంలో చెప్పినట్టే చేశాను, కానీ మ్యాట్ కిటికీ కొయ్యడంలో కింది అంచు అరిగి ఉందని పావు అంగుళం లోపలికి కోశాను. బాగా వచ్చిందని మురిసిపోతూ ఇచ్చేశాను. రెండో రోజు ఆయన ఫోన్, "అక్కా, కింద చిన్న అక్షరాల్లో అచ్చేసినోళ్ళ పేరు ఉండె కదా, ఏమైంది?" లితోగ్రాఫర్ పేరు. ఆ మ్యాపు ఎక్కడ పుట్టిందో చెప్పే ఒకే ఒక్క లైను, దాన్ని నా చేతులతో మూసేశాను. అరిగిన అంచు చూసి సిగ్గుపడింది నేనేగానీ వాళ్ళు కాదు. తెచ్చుకుని మళ్ళీ కోసి, అంచులు మొత్తం కనపడేలా కట్టిచ్చాను, డబ్బు తీసుకోలేదు. అప్పట్నుంచి కొయ్యడానికి ముందు ఫోటో తీసి అక్షరం ఉన్న ప్రతి చోటా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటున్నాను.

ఇంకో ఫ్రేము తర్వాత కలిసింది, అది నా ఐడియా కాదు, వాళ్ళ పాపది, ఆరో తరగతి. స్కూల్లో సెనెకా విలేజ్ గురించి చెప్పారట. పార్క్ రాకముందు పడమర వైపున, 82 నుంచి 89వ స్ట్రీట్ల మధ్య, 1825 నుంచి నల్లవాళ్ళు సొంత భూములు కొనుక్కుని కట్టుకున్న ఊరు, చర్చిలు, బడి, శ్మశానం అన్నీ ఉండేవి, రెండు వందల పైన జనం. 1857కల్లా మొత్తం ఖాళీ చేయించారు. పాప హాల్లో పెద్ద మ్యాప్ మీద ఆ చోటు వెతికింది, చెట్లూ దారులూ తప్ప ఏమీ లేవు. "ఊరు ఏది?" అని అడిగితే వాళ్ళ నాన్న దగ్గర జవాబు లేక నాకు ఫోన్ చేశాడు. ఎగ్బర్ట్ వీలే 1856లో చేసిన సర్వే మ్యాప్ ఉంది, పార్క్ కట్టకముందు నేల ఎలా ఉందో, ఇళ్ళతో సహా. దాని కాపీలోంచి ఆ భాగం మాత్రం చిన్నగా ప్రింట్ తీసి పెద్ద ఫ్రేమ్‌కి ఎడమ పక్కన పెట్టాం, ఇళ్ళు చిన్న చిన్న గళ్ళుగా కనిపిస్తాయి. నిజానికి ఆ గోడకి అందం వచ్చింది ఈ చిన్నదానితోనే అని నా అభిప్రాయం, పొడుగు ఫ్రేము ఒక్కటే ఉన్నప్పుడు రైలు పెట్టెలా ఉండేది.

పద్నాలుగు నెలల తర్వాత చూడ్డానికి వెళ్ళాను. నడవాలో అసలుది బాగుంది, మూడో మడత దగ్గర కొంచెం అల వచ్చింది, అది కాగితం ఊపిరి తీసుకోవడం, నేనేమీ ముట్టుకోలేదు. హాల్లో కాపీ రంగు మారలేదు, మారినా మళ్ళీ ప్రింటు తీస్తాం, ఫైలు ఉంది. యాక్రిలిక్ మీద మాత్రం వేలిముద్రలు, ఎక్కువ కింది అంచున ఎడమ చివర, వచ్చినవాళ్ళంతా అక్కడ 59వ స్ట్రీట్ మీద వేలు పెట్టి మా ఆఫీసు ఇక్కడ అంటారంట. మెత్తటి గుడ్డ, యాక్రిలిక్ క్లీనర్ ఇచ్చి, అమ్మోనియా ఉన్న అద్దాల స్ప్రే కొట్టొద్దని చెప్పాను.

నేనున్నప్పుడే ఆయన వాళ్ళమ్మ లోపల్నుంచి వచ్చింది, వరంగల్ నుంచి వచ్చి రెండు నెలలైందట. మ్యాప్ మధ్యలో రెండు నీళ్ళ ఆకారాలుంటాయి, ఒకటి వంకరటింకర పెద్దది, దాని ఎడమ పక్కన గీసి కోసినట్టు పొడుగు నలుచదరంగా ఇంకోటి, పాత క్రోటన్ రిజర్వాయరు, 1842ది. పెద్దావిడ ఆ నలుచదరం మీద వేలు పెట్టి, కొడుకు పార్కుకి తీసుకుపోయిండు గానీ ఈ చెరువు చూపియ్యలేదు అంది. అది ఇప్పుడు లేదమ్మా, 1930లలో ఎండగట్టి పూడ్చేసి గ్రేట్ లాన్ చేశారు, పిల్లలు ఆడుకునే గడ్డి మైదానం అని చెప్పాను.

ఆవిడ ఒక్క క్షణం మ్యాప్ వైపు, తర్వాత నా వైపు చూసింది. "గిక్కడ సుత చెర్వులు పూడ్సుడేనా?"